ఆటిజం ఉన్న పిల్లలతో సోషల్ రోబో: గదిలోకి తెచ్చే రోజు నుంచి తీసేసే రోజు దాకా

1976లో ఎడిన్‌బరోలో సిల్వియా వీర్, రికీ ఇమాన్యుయెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటిజం ఉన్న ఏడేళ్ల అబ్బాయి ముందు నేల మీద పాకే చిన్న యంత్రాన్ని పెట్టారు. లోగో అనే కంప్యూటర్ భాషతో నడిచే ఆ ‘తాబేలు’కు కళ్లు లేవు, ముఖం లేదు, మీట నొక్కితే కదలడం, తిరగడం మాత్రమే దానికి తెలుసు. ఆ అబ్బాయి మనుషులతో మాట కలపడానికి ఆ యంత్రమే ఒక ప్రేరకంగా పనిచేసిందని వారు రాశారు. ఆ తరువాత కెర్స్టిన్ డౌటెన్‌హాన్ అనే పరిశోధకురాలు ఆటిజం ఉన్న పిల్లలకు రోబోలు ఎలా తోడ్పడతాయో చూడడానికి 1998లో అరోరా ప్రాజెక్టును మొదలుపెట్టారు, 2005 నుంచి ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో కాస్పర్ అనే బొమ్మలాంటి రోబో రూపుదిద్దుకుంది, జపానులో హిడెకి కొజిమా పసుపు రంగు రబ్బరు ముద్దలాంటి కీపాన్‌ను తయారుచేశారు. మనుషులతో మెలగడానికి చేసిన ఇలాంటి యంత్రాలనే సోషల్ రోబోలు అంటారు. రూపాలు మారినా ఆశ ఒకటే: బిడ్డ యంత్రంతో మొదలుపెట్టి మనిషి దగ్గరకు రావాలి.

ఇంట్లోనో, చిన్న థెరపీ గదిలోనో, పాఠశాలలకు అనుబంధంగా నడిచే భవిత కేంద్రంలోనో ఇలాంటి రోబోను వాడదలచిన తల్లిదండ్రులకూ స్పెషల్ ఎడ్యుకేటర్లకూ ఈ మార్గదర్శి ఉద్దేశించినది. రోబో ఎప్పుడు, ఏ షరతు నెరవేరితే గది నుంచి వెళ్లిపోతుందో కాగితం మీద రాసుకోకుండా దాన్ని లోపలికి తేవద్దు. కింది అడుగులన్నీ ఆ కాగితం చుట్టూనే తిరుగుతాయి.

రోబో నుంచి ఏమి ఆశించవచ్చు

మాట్లాడే మనిషి ముఖంలో కనుబొమలు, పెదవులు, చూపు, గొంతు ఒకేసారి కదులుతూ, ప్రతిసారీ కొద్దికొద్దిగా మారుతూ ఉంటాయి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఈ వెల్లువను విడదీసి అర్థం చేసుకోవడం శ్రమ. కాస్పర్ ముఖాన్ని కావాలనే సాదాగా ఉంచడానికి కారణం ఇదే. పైగా రోబో ఇరవయ్యోసారి కూడా మొదటిసారి అన్నంత నెమ్మదిగా, అదే స్వరంతో, విసుగు లేకుండా అదే మాట అంటుంది. అలసిపోయిన తల్లికీ, వరుసగా ఎనిమిదో బిడ్డతో కూర్చున్న థెరపిస్టుకూ అది సాధ్యం కాదు.

అయితే ఫలితాల విషయంలో ఆశను అదుపులో ఉంచుకోవాలి. ఐరోపాలో డ్రీమ్ అనే ప్రాజెక్టు కింద రుమేనియాలో 61 మంది పిల్లలతో 3,000కు పైగా సెషన్లు నమోదయ్యాయి. రోబో ఉన్న థెరపీలో పిల్లలు ఎక్కువ ఆసక్తి చూపినా, మనిషి ఒక్కరే చేసిన మామూలు థెరపీతో పోలిస్తే నైపుణ్యాలలో వచ్చిన మార్పు దాదాపు సమానంగానే ఉంది. కాబట్టి మంచి స్పీచ్ థెరపిస్టును మాన్పించి ఆ డబ్బుతో రోబో కొనడం నా దృష్టిలో నష్టపు బేరం. బిడ్డ మనిషితో కూర్చోవడానికే నిరాకరిస్తూ, కదిలే వస్తువులను మాత్రం ఇష్టంగా చూస్తున్నప్పుడు రోబో గురించి ఆలోచించడం సమంజసం.

మొదటి అడుగు: ఈ బిడ్డకు ఇది తగునా?

సికింద్రాబాదులోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ, అంటే నేటి ఎన్ఐఈపీఐడీ, ఆటిజం తీవ్రతను కొలవడానికి రూపొందించిన ఐసా స్కేలులో 40 అంశాలు ఉంటాయి. మొత్తం 70 నుంచి 106 వరకు వస్తే స్వల్పమనీ, 107 నుంచి 153 వరకు మధ్యస్థమనీ, అంతకు మించితే తీవ్రమనీ లెక్కిస్తారు. ధ్రువపత్రానికి ఆ అంకె అవసరమే గాని, రోబో పనికొస్తుందా లేదా అన్నది అది చెప్పదు. అదే అంకె ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని పరుగెత్తవచ్చు, మరొకరు ఆ మిక్సీ పక్కనే గంటసేపు కూర్చోవచ్చు.

అందువల్ల వారం రోజులు బిడ్డను గమనించండి. మోటారు శబ్దం, మెరిసే దీపం, తనంతట తాను కదిలే బొమ్మ ఎదురైనప్పుడు ఏమి చేస్తున్నారో రాసుకోండి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ వ్యాధి మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది గనుక, ఫిట్స్ చరిత్ర ఉంటే మెరిసే దీపాలున్న యంత్రం గురించి న్యూరాలజిస్టును ముందుగా అడగాలి. వస్తువులను విసిరే అలవాటు బలంగా ఉంటే లక్షల విలువ చేసే రోబోకు బదులు దూదితో నింపిన బొమ్మలో చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టి ప్రారంభించవచ్చు. నవ్వుకోవద్దు, మొదటి నెల పనికి అది చాలా సందర్భాల్లో సరిపోతుంది.

రెండో అడుగు: ఒక్క లక్ష్యం, దానికి మనిషి జత

‘సామాజిక నైపుణ్యాలు పెరగాలి’ అన్నది లక్ష్యం కాదు, కోరిక. లక్ష్యం లెక్కపెట్టడానికి వీలుగా ఉండాలి. ఉదాహరణకు, రోబో తల తిప్పి బంతి వైపు చూసి ‘అదిగో బంతి’ అన్నప్పుడు, అయిదుసార్లలో మూడుసార్లు బిడ్డ కూడా బంతి వైపు చూడాలి. ఇద్దరూ ఒకే వస్తువు మీద దృష్టి పెట్టి, ఆ సంగతి ఇద్దరికీ తెలిసి ఉండడాన్ని ఉమ్మడి దృష్టి అంటారు. మాట నేర్చుకోవడానికి అది పునాది వంటిది కనుక రోబోలతో జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం దాని మీదే సాగింది. వంతులు తీసుకోవడం, అనుకరించడం, కావలసినది అడగడం కూడా రోబోతో బాగా కుదిరే లక్ష్యాలు.

ప్రతి రోబో లక్ష్యం పక్కన మనిషి లక్ష్యాన్ని కూడా అదే రోజు రాయండి: ‘నాన్న బంతి వైపు చూసి అదిగో అన్నప్పుడు అయిదులో మూడుసార్లు చూడాలి’. ఈ రెండో వాక్యం నిజమైన రోజే రోబో పని పూర్తవుతుంది. రోబోను తేకముందే మూడు రోజులు నాన్నతో ఇదే ఆట ఆడించి అయిదింటికి ఎన్ని వచ్చాయో నమోదు చేయాలి. ఈ తొలి లెక్క లేకపోతే తరువాత మార్పు వచ్చిందో, వచ్చిందని మనం అనుకుంటున్నామో తేల్చలేము.

కళ్లలోకి చూడమని బలవంతం చేయడం, చేతులు ఆడించకుండా ఆపడం లక్ష్యాలుగా పెట్టుకోవద్దు. ఇతరుల కళ్లలోకి చూడడం తమకు ఎంత బాధాకరమో ఆటిజం ఉన్న పెద్దలు ఎందరో స్వయంగా చెప్పారు, రాశారు. బిడ్డకు హాని చేయని అలవాటును మన సౌకర్యం కోసం యంత్రంతో మాన్పించడం థెరపీ అనిపించుకోదు.

మూడో అడుగు: యంత్రం ఎంపిక

పరిశోధనల్లో అందరికంటే ఎక్కువగా కనిపించేది ఫ్రాన్సుకు చెందిన ఆల్డెబరాన్ సంస్థ తయారుచేసిన నావో. ఎత్తు 58 సెంటీమీటర్లు, బరువు అయిదు కిలోలకు పైమాటే, రెండు కాళ్ల మీద నడుస్తుంది, వెల మాత్రం లక్షల్లో ఉంటుంది. ముఖం స్థానంలో తెర ఉండే క్యూటీరోబో లక్సెంబర్గ్ నుంచి, రబ్బరు ముఖంతో హావభావాలు చూపే మైలో అమెరికా నుంచి వచ్చాయి. జపానులో తకనోరి షిబటా రూపొందించిన సీల్ పిల్ల పారో మాట్లాడదు; ఒడిలో పెట్టుకుని నిమరడానికే దాన్ని చేశారు. మాట ఇంకా రాని, స్పర్శను ఇష్టపడే బిడ్డకు నడిచే రోబో కంటే అలాంటి మెత్తని బొమ్మే మేలు కావచ్చు.

రూపం కంటే ముందు అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కంపెనీ మూతపడితే ఇది పనిచేస్తుందా? అమెరికాలో జీబో అనే రోబోకు సర్వర్లు ఆపేస్తున్నామని 2019లో ప్రకటించారు. పిల్లల కోసం వచ్చిన మాక్సీ కథ 2024 చివర్లో అలాగే ముగిసి, దాన్ని నేస్తంలా భావించిన పిల్లలకు ఈ వార్త ఎలా చెప్పాలో తల్లిదండ్రులు వెతుక్కోవలసి వచ్చింది. నావోను తయారుచేసిన సంస్థ కూడా 2025లో దివాలా తీసింది. మార్పును భరించడమే కష్టమైన పిల్లల చేతికి ఒక సర్వరు మీద ఆధారపడిన నేస్తాన్ని ఇవ్వడం నాకు భయం కలిగిస్తుంది. ఇంటర్నెట్ లేకుండా కనీసం పలకరింపు, మనం రికార్డు చేసిన మాటలు, రెండు మూడు కదలికలు పనిచేసే యంత్రాన్నే ఎంచుకోండి.

ఆ యంత్రం తనంతట తానే ఆలోచించి మాట్లాడాలన్న పట్టింపు కూడా అవసరం లేదు. పేరున్న ప్రయోగాల్లో చాలావాటిలో పక్కన కూర్చున్న మనిషే మీటలు నొక్కి రోబోను నడిపించారు. కాస్పర్‌తో జరిగిన ఎన్నో సెషన్లు అలాంటివే. మనం ఊహించని మాట అనే కృత్రిమ మేధ కంటే, మనం నొక్కిన మాటే పలికే బొమ్మ ఈ పనికి నమ్మకమైనది.

నాలుగో అడుగు: రోబోకు మన ఇంటి తెలుగు నేర్పడం

కొన్నవారు ఎక్కువగా పట్టించుకోనిదీ, నేను ఎక్కువసేపు ఆగి చెప్పదలచినదీ ఈ అడుగే. రోబోలు సాధారణంగా ఇంగ్లీషుతో వస్తాయి. తెలుగు మాట్లాడే ఇంట్లో బిడ్డ రోబోతో ఇంగ్లీషులో ‘హలో’ చెప్పడం నేర్చుకుని అమ్మమ్మతో మాట కలపలేకపోతే, మనం రెండో అడుగులో రాసుకున్న మనిషి లక్ష్యం దెబ్బతిన్నట్టే. యంత్రం చదివే తెలుగు సైతం తరచు పుస్తకాల తెలుగులా, ఒకే ఊపులో సాగుతుంది. విన్న మాటను ఉన్నదున్నట్టు తిరిగి అనే అలవాటు ఉన్న పిల్లలు ఆ గ్రాంథికాన్నే పట్టుకుని, వీధిలో పిల్లల దగ్గర ‘మీరు ఏమి చేయుచున్నారు’ అంటే నవ్వుల పాలయ్యేది వాళ్లే.

అందుకని మాటలను మనిషి గొంతుతో రికార్డు చేసి పెట్టండి. ఇంట్లో ‘ఏంది’ అంటే ఏంది, ‘ఏంటి’ అంటే ఏంటి. గొంతు అమ్మదీ నాన్నదీ కాకుండా బిడ్డకు పరిచయం లేని వారిదైతే మంచిది. లేదంటే అమ్మ ఎదురుగా ఉండగా అమ్మ గొంతు బొమ్మలోంచి రావడం గందరగోళం సృష్టిస్తుంది. ఒక్కో మాటా మూడు నాలుగు పదాలకు మించకూడదు.

క్రియల చివర జాగ్రత్త. తెలుగులో ‘తింటావా’ అన్న ఒక్క మాటలోనే నువ్వు అన్న అర్థం ఇమిడి ఉంటుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ఆకలైనప్పుడు ‘అన్నం తింటావా’ అని తామే అంటారు, ఎందుకంటే అన్నం వచ్చే ముందు వాళ్లు వినేది ఆ మాటే. రోబో కూడా అలాగే ‘నీకు బంతి కావాలా’ అని అడిగితే బిడ్డ ఆ ప్రశ్ననే నేర్చుకుంటుంది. రోబోను అడిగే పెద్దమనిషిగా కాక సాటి పిల్లవాడిగా కూర్చోబెట్టండి. రోబో ‘నాకు బంతి కావాలి’ అనాలి, నాన్న వెంటనే దానికి బంతి ఇవ్వాలి. తరువాత బంతిని నాన్న చేతిలో పట్టుకుని బిడ్డ వైపు తిరిగి ఊరుకోవాలి. బిడ్డ తిరిగి అనదగిన మాట అప్పటికే సరైన రూపంలో గదిలో ఉంటుంది.

అయిదో అడుగు: గది

బిడ్డ, రోబో, పెద్దవారు త్రిభుజంగా కూర్చోవాలి, బిడ్డకు తలుపు దారి అడ్డు లేకుండా ఉండాలి. నడిచే రోబో మెత్తటి తివాచీ మీద పడిపోతుంది కనుక గట్టి నేల కావాలి. పడితే ఆ చప్పుడుకే కొందరు పిల్లలు మళ్లీ గదిలోకి రారు. చార్జింగు నిండుగా ఉంచుకోండి, కరెంటు పోయి ఫ్యాను ఆగినా సెషను ఆగకుండా చూసుకోండి.

కెమెరా, మైకు ఉన్న రోబో బిడ్డను గమనిస్తూనే ఉంటుంది. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి ఉండాలంటుంది. కేంద్రంలో వాడుతుంటే వీడియో ఎక్కడ నిలువ ఉంటుందో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో రాసి సంతకం తీసుకోండి. అవసరం లేని రోజున కెమెరా మీద చిన్న కాగితం అంటించినా తప్పు లేదు.

ఆరో అడుగు: పరిచయం

రోబో రాకముందే దాని ఫోటోను నాలుగు రోజులు బిడ్డకు చూపించండి. మొదటి రోజు అది ఆఫ్ చేసి, గది మూలన ఉండాలి. బిడ్డ దగ్గరకు వచ్చి తాకినా, అసలు పట్టించుకోకపోయినా అయిదు నిమిషాల్లో ముగించండి. రెండో రోజు దీపం మాత్రమే, మూడో రోజు గొంతు, నాలుగో రోజు తల కదలిక. రెండు కొత్త విషయాలను ఒకే రోజు పెట్టవద్దు. చెవులు మూసుకోవడం, ఊపిరి వేగం పెరగడం, అమ్మ వెనక దాక్కోవడం కనిపిస్తే అక్కడే ఆపి, మరుసటి రోజు ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. ఆపే మీట ఎక్కడుందో బిడ్డకు కూడా చూపించండి. తాను ఆపగలనని తెలిసిన బిడ్డ ఎక్కువసేపు కూర్చుంటుంది.

ఏడో అడుగు: సెషను నడిపే తీరు

పదిహేను నిమిషాలు చాలు. తొలి వారాల్లో పది. ఏమేమి జరుగుతాయో నాలుగు బొమ్మల కార్డుల్లో (పలకరింపు, అనుకరణ, బంతి ఆట, వీడ్కోలు) వరుసగా పెట్టి, అయిపోయిన కార్డును బిడ్డ చేతనే డబ్బాలో వేయించాలి. రోబోకు చిన్ను అని పేరు పెట్టామనుకుందాం.

చిన్ను ‘నేను వచ్చా’ అంటుంది. అమ్మ చేయి ఊపుతుంది. ఎవరూ బిడ్డను ‘హాయ్ చెప్పు’ అని తొందరపెట్టరు; మనసులో పది లెక్కపెడతారు. ఈ నిరీక్షణ పెద్దలకు భారంగా ఉంటుంది, అయినా మనం మాట నింపేసిన ప్రతిసారీ బిడ్డకు వచ్చే అవకాశం పోతుంది. తరువాత చిన్ను చేయి పైకెత్తి ‘నా లాగా’ అంటుంది, అమ్మ చేయి ఎత్తుతుంది, మళ్లీ నిరీక్షణ. బిడ్డ చేయి సగం లేచినా చిన్ను పాట పాడుతుంది. లేవకపోతే అమ్మ మోచేతిని మెల్లగా తాకుతుంది, అంతకు మించి పట్టి లేపదు.

మూడో కార్డు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇక్కడ చిన్ను బిడ్డను అమ్మ వైపు పంపుతుంది: ‘బంతి అమ్మ దగ్గర ఉంది’. బహుమానం ఇప్పుడు యంత్రం దగ్గర కాక మనిషి చేతిలో ఉంటుంది. ఏల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ స్కాసెలాటి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే పద్ధతి కనిపిస్తుంది. 12 మంది పిల్లల ఇళ్లలో నెల రోజుల పాటు, రోజుకు 30 నిమిషాలు, రోబో బిడ్డకూ ఇంటి పెద్దకూ మధ్య ఆటలు నడిపింది. రోబో లేనప్పుడు కూడా పెద్దవారితో పిల్లల ఉమ్మడి దృష్టి మెరుగుపడింది. పోల్చి చూడడానికి రోబో లేని మరో బృందం లేని చిన్న అధ్యయనమే అయినా, ఇంటి పెద్దను ఆటలో కూర్చోబెట్టిన తీరు వల్ల నేను దానికి విలువనిస్తాను.

బిడ్డ రోబోను కొడితే తిట్టవద్దు. చర్మం కింద స్పర్శ గుర్తించే ఏర్పాటు ఉన్న కాస్పర్ గట్టిగా కొడితే నొప్పి పుట్టిందని చెబుతుంది, మెల్లగా నిమిరితే ఆనందిస్తుంది. మన రోబోకు ఆ ఏర్పాటు లేకపోయినా ‘నొప్పి’ అన్న ఒక్క మాటకు ఒక మీట కేటాయించుకోవచ్చు. యంత్రం మధ్యలో మొరాయిస్తే ‘చిన్ను అలసిపోయింది, పడుకుంటుంది’ అని గుడ్డ కప్పి, మిగిలిన కార్డులను అమ్మతో పూర్తిచేయాలి. ఒకసారి నా సెషనులో ఇలాగే జరిగి, నేను యంత్రాన్ని బాగుచేయడంలో మునిగిపోయాను. ఆ పది నిమిషాలూ బిడ్డ నా భుజం మీద చేయి వేసి నిలబడి ఉందని తరువాత వీడియోలో చూసి తెలుసుకున్నాను. రెండు నెలలుగా నేను ఎదురుచూస్తున్నది అదే.

ఎనిమిదో అడుగు: లెక్క రాయడం

సెషను ముగిసిన వెంటనే మూడు అంకెలు రాయండి: ఎన్ని అవకాశాలు ఇచ్చాము, సాయం లేకుండా ఎన్ని జరిగాయి, వాటిలో ఎన్ని మనిషి వైపు తిరిగినవి. మూడో అంకె రెండు వారాలపాటు సున్నాగానే ఉండి, రెండోది మాత్రం పెరుగుతుంటే బిడ్డ రోబోకు అలవాటు పడుతోందని అర్థం. అప్పుడు కొత్త ఆటలు చేర్చవద్దు. మూడో కార్డును మొదటికి తెచ్చి, చిన్ను మాటలను సగానికి తగ్గించండి.

తొమ్మిదో అడుగు: రోబోను వెనక్కి జరపడం

రోబో లక్ష్యం మూడు సెషన్లు వరుసగా అందిన రోజు నుంచి ఇది మొదలవుతుంది. మొదట చిన్ను మాటల్లో కొన్నింటిని అమ్మ అంటుంది, అదే ఊపుతో, అంతే క్లుప్తంగా. తరువాతి వారం చిన్ను త్రిభుజంలోంచి జరిగి షెల్ఫు మీద కూర్చుంటుంది. పలకరింపు, వీడ్కోలు మాత్రమే దానివి. ఆ స్థానంలో అక్కో, తమ్ముడో, పక్కింటి పిల్లవాడో కూర్చుని అవే కార్డులతో అదే ఆట ఆడాలి. ఆ తరువాత అదే ఆటను గది మార్చి వరండాలో, చివరికి అమ్మమ్మగారి ఇంట్లో ఆడించండి. ‘నాకు బంతి కావాలి’ అన్న వాక్యాన్ని కిరాణా కొట్లో ‘నాకు బిస్కెట్ కావాలి’గా మార్చి చూడండి.

బిడ్డ చిన్ను కోసం ఏడిస్తే ఒక్కసారిగా మాయం చేయవద్దు. వారానికి ఒక రోజు క్యాలెండరులో దాని బొమ్మ అంటించి, ఆ రోజు మాత్రమే అయిదు నిమిషాలు కలవనివ్వండి. కేంద్రాల్లో ఒకే రోబోను ఆరేడుగురు పిల్లలు పంచుకుంటే ఈ విడిపోవడం సులభం, ఖర్చూ తక్కువ. ఇంటికొకటి కొనడం కంటే నేను దీన్నే సమర్థిస్తాను. సొంతంగా కొనలేని కుటుంబాలు జిల్లాలో పిల్లల ఎదుగుదల లోపాలను చూసే సత్వర చికిత్స కేంద్రంలోనో, భవిత కేంద్రంలోనో మామూలు థెరపీని కొనసాగిస్తూ, మూడో కార్డు ఆటను చేతిబొమ్మతో ఆడించవచ్చు.

రోబో షెల్ఫు నుంచి కూడా వెళ్లిపోయిన 30 రోజులకు, మొదట్లో చేసినట్టే మూడు రోజులు నాన్నతో బంతి ఆట ఆడించి అయిదింటికి ఎన్ని వచ్చాయో రాయండి. బంతి అదే, గది అదే, మాట అదే ఉండాలి. అంకె తొలి లెక్క కంటే పైనే నిలిస్తే తరువాతి లక్ష్యాన్ని రోబో లేకుండానే మొదలుపెట్టండి. కిందికి జారితే రోబోను నాలుగు సెషన్లకు మాత్రం తిరిగి తెచ్చి, ఈసారి మొదటి రోజు నుంచే దాన్ని షెల్ఫు మీద కూర్చోబెట్టండి.